గేదెకు పిచ్చెక్కిందా, సర్రా సోకిందా?

నెమ్మదిగా నెమరు వేసుకునే గేదె ఉన్నట్టుండి గుంజ చుట్టూ తిరుగుతుంది. గోడకు తల ఆనించి నిలబడుతుంది. కాళ్లు తడబడతాయి. ఢిల్లీలోని ఘాజీపూర్ డెయిరీల్లోనైనా, ముర్రా జాతికి పుట్టిల్లయిన హర్యానా పల్లెల్లోనైనా ఇది కనబడితే రైతు గుండె జారిపోతుంది. దీనికి కారణాలు చాలానే ఉన్నా, ముందుగా అనుమానించాల్సినవి రెండు: సర్రా, రేబిస్. మొదటిదానికి మందుంది. రెండోదానికి లేదు.

సర్రాకు కారణం ట్రిపనోసోమా ఇవాన్సి అనే ఏకకణ పరాన్నజీవి. దీన్ని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు నాటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్ ప్రాంతంలో గుర్తించారు. వానాకాలంలో పెరిగే జోరీగలు ఒక పశువు రక్తం తాగుతూ మధ్యలో లేచి మరో పశువుపై వాలినప్పుడు, వాటి నోటికి అంటిన రక్తంతో ఇది వ్యాపిస్తుంది. ఈ జీవి తన పైపొరలోని ప్రొటీన్‌ను పదేపదే మార్చుకుంటుంది. పశువు రోగనిరోధక వ్యవస్థ పాత పొరను గుర్తుపట్టేలోగా కొత్తది వచ్చేస్తుంది. అందుకే జ్వరం తగ్గుతూ, తిరగబెడుతూ ఉంటుంది. దీనికి ఇంతవరకూ టీకా లేకపోవడానికీ ఇదే ప్రధాన కారణం. పరాన్నజీవి మెదడుకు చేరితే చికిత్స కష్టమవుతుంది. వాడుకలో ఉన్న మందులు రక్తం నుంచి మెదడులోకి సరిగా వెళ్లలేవు.

సాధారణంగా సర్రా మనుషులకు సోకదు. మన రక్తంలోని ఒక ప్రొటీన్ ఆ జీవిని చంపేస్తుంది. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు ఇది సోకింది. జన్యులోపం వల్ల ఆయన రక్తంలో ఆ ప్రొటీన్ లేదని తర్వాత తేలింది. సురామిన్ మందుతో ఆయన కోలుకున్నారు.

రేబిస్ సంగతి వేరు. పిచ్చికుక్క కరిచిన గేదె మేత మింగలేక చొంగ కారుస్తుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని రైతు నోట్లో చేయి పెడతాడు. ప్రమాదమంతా అక్కడే ఉంది, ఎందుకంటే వైరస్ చొంగలో ఉంటుంది. చేతికి చిన్న గీత ఉన్నా చాలు. అలా చేయి పెట్టి ఉంటే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడుక్కుని, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. అనుమానం ఉన్న పశువు పాలు వాడకూడదు.

తెలుగు రాష్ట్రాల రైతులు హర్యానా నుంచి ముర్రా గేదెలను కొని తెచ్చుకుంటారు. సర్రా ఉన్న గేదె చాలాసార్లు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, ప్రయాణపు అలసటతో జబ్బు బయటపడవచ్చు. కాబట్టి కొనేటప్పుడు పాల దిగుబడి ఒక్కటే చూసుకుంటే చాలదు. పశువైద్యుడితో రక్తపరీక్ష కూడా చేయించాలి.