కుట్టనాటి పిల్లకాలువలు

కేరళలోని వేంబనాడు సరస్సును చూచినవారికి ఆ విశాలజలముపైననే తెడ్డు వేయవలెనని ఉబలాటము కలుగుట సహజము. కయాక్ అను చిరుపడవలో తొలిసారి కూర్చున్నవారు మాత్రము ఆ ఉబలాటమును అణచుకొనుట మేలు. 2002 జూలై 27న ముహమ్మ నుండి కుమరకమునకు పోవుచున్న ప్రయాణికుల బోటు ఈ సరస్సులోనే మునిగి 29 మంది మరణించిరి.

నేర్చుకొనువారికి తగిన నీరు ఆలప్పుళకు తూర్పున కుట్టనాటిలో ఉన్నది. కైనకరి, నెడుముడి ప్రాంతముల పిల్లకాలువలకు ఇరువైపుల కొబ్బరిచెట్లు గాలిని ఆపును. గట్టు దగ్గరలోనే ఉండును. హౌస్‌బోట్లు ఆ ఇరుకులలో దూరజాలవు. వాని వెనుక లేచు అలలే కదా కొత్తవారిని తలక్రిందులు చేయునవి!

ఇచ్చట ఒక వింత కలదు. పడవను గట్టునకు చేర్చి, పైకెక్కి ఆవలకు చూచినచో, కాలువనీటికన్న పల్లమున పచ్చని వరిచేలు కనబడును. అవి పెక్కుచోట్ల సముద్రమట్టమునకు ఒకటి రెండు మీటర్లు దిగువన ఉన్నవి. గట్లు కట్టి, నీరు తోడి, తరతరములుగా రైతులు సరస్సునుండి గెలుచుకొన్న భూములవి. ఈ దృశ్యము కొరకైనను అచ్చటికి పోవచ్చును.

ఉదయముననే బయలుదేరవలెను, మధ్యాహ్నమునకు సముద్రపుగాలి లేచును. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు, కాలువలకు వడి హెచ్చు. తెడ్డుకు గుర్రపుడెక్క చుట్టుకొన్నప్పుడు బలము చూపక, వెనుకకు తీసి దారి మార్చవలెను. ఈత వచ్చినవారికిని లైఫ్ జాకెట్టు తప్పదు. గట్లపై ఇండ్ల ముంగిళ్ళున్నవి. మెట్లపై స్త్రీలు బట్టలుతుకుచుందురు. అచ్చట కెమెరా తీయక మెల్లగా సాగిపోవుట మర్యాద.