కెమిస్ట్రీ ల్యాబ్: సార్ చెప్తే బెటరా, స్క్రీన్ చూపిస్తే బెటరా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో పాలమూరు యూనివర్సిటీ కింద డిగ్రీ కెమిస్ట్రీ చదివేవాళ్లకు ఈ ఎపిసోడ్. కేంద్ర ప్రభుత్వ ‘వర్చువల్ ల్యాబ్స్’ సైట్ ఫ్రీ. మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ కూడా అందులో భాగమే. ఎన్నిసార్లు చేసినా గాజు పగలదు, యాసిడ్ ఒలకదు. ప్రయోగం వరుస బుర్రకెక్కుతుంది.

కానీ అసలు బ్యూరెట్ దగ్గర కథ వేరు. ఫ్లాస్క్‌లో యాసిడ్, ఫినాఫ్తలీన్. పైనుంచి సోడియం హైడ్రాక్సైడ్. లేత గులాబీ రంగు ఒక్క చుక్కలో వచ్చేస్తుంది. ఇంకో నాలుగు పడ్డాయా, ముదిరిపోతుంది, రీడింగ్ పోయినట్టే! స్టాప్‌కాక్ ఎంత తిప్పాలో వేళ్లకే తెలియాలి. సాల్ట్ అనాలిసిస్‌లో అమ్మోనియా ఘాటు ఫోన్‌లోంచి రాదు కదా.

అందుకే ముందురోజు రాత్రి ఫోన్‌లో చేసి చూడండి, పొద్దున బ్యూరెట్ పట్టుకోండి. రీడింగ్‌కి కన్ను ద్రవమట్టానికి సమానంగా ఉండాలి. అది సార్‌నో మేడమ్‌నో పక్కన నిలబెట్టుకుని చూపించుకోండి.