ఫారిన్ నుంచి ఇంటికి పోస్టుకార్డు: స్టాంపు దగ్గరా, టుక్‌టుక్ దగ్గరా మోసపోకుండా

ఎప్పట్లాగే మన ఏ.ఎస్. రావు నగర్ నుంచే మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ టాపిక్ వినగానే నవ్వుతారేమో. ఫారిన్ టూర్‌కి వెళ్ళినప్పుడు ఇంటికి పోస్టుకార్డు పంపడం ఎలా? "చేతిలో వాట్సాప్ ఉండగా కార్డెందుకన్నా?" అంటారు కదా. కొంచెం ఓపిక పట్టండి. కార్డుతో మొదలుపెట్టి టూరిస్టుల్ని ముంచే మోసాల దాకా వెళ్దాం. రెండింటికీ లింకుంది.

ముందు మన ఏరియా సంగతి. 1967లో ఈసీఐఎల్ వచ్చింది. దాన్ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే మన కాలనీకి పెట్టారు. ఇక్కడ చాలా ఇళ్ళల్లో పిల్లలు డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటారు, ఇంట్లో అమ్మానాన్న ఇద్దరే. మీరు రోజుకి నలభై ఫోటోలు పంపితే వాళ్ళు వేలితో పైకి తోసేస్తారు. అదే కార్డు వస్తే? షోకేసు అద్దం వెనక పెట్టి, వచ్చిన చుట్టాలందరికీ చూపిస్తారు.

సరే, కార్డు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ప్రపంచంలో మొదటి పోస్టుకార్డు 1869లో ఆస్ట్రియాలో వచ్చింది. మన దేశానికి 1879లో వచ్చింది, అప్పుడు కాణీ. 1874లో కొన్ని దేశాలు కలిసి తపాలా యూనియన్ పెట్టుకున్నాయి. దాని వల్లే ఏ దేశంలో కార్డు వేస్తే ఆ దేశం స్టాంపు ఒక్కటి చాలు, మిగతా దేశాల స్టాంపులు అక్కర్లేదు.

అడ్రస్ ఇలా రాయండి. కార్డు వెనక ఎడమ సగం మీ మాటలకి, కుడి సగం అడ్రస్‌కి. చివరి లైన్‌లో 'ఇండియా' అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, విడిగా. అక్కడి పోస్టాఫీసు వాళ్ళకి ముఖ్యంగా కావాల్సింది ఆ ఒక్క మాటే. ఇండియాలోకి వచ్చాక పిన్ కోడ్ పని మొదలవుతుంది. మనది 500062. మొదటి మూడంకెలు హైదరాబాద్ వైపు పంపిస్తాయి, చివరి మూడూ మన పోస్టాఫీసుని చెప్తాయి. పక్కన రాధిక థియేటర్ దగ్గర అనో, ఇంకేదైనా గుర్తో రాస్తే పోస్ట్‌మాన్‌కి సులువు. జెల్ పెన్ వద్దు, తడి తగిలితే అక్షరాలు కరిగిపోతాయి. బాల్ పెన్ వాడండి.

ఒక్క జాగ్రత్త. కార్డుకి కవరుండదు, దారిలో ఎవరైనా చదవొచ్చు. పాస్‌పోర్ట్ నంబర్, హోటల్ రూమ్ నంబర్, "ఇంకో రెండు వారాలు ఇంట్లో ఎవరూ ఉండరు" లాంటివి అందులో రాయకండి.

ఇప్పుడు స్టాంపు దగ్గర జరిగే తిరకాసు. ఇటలీలో టూరిస్ట్ షాపుల్లో కార్డుతో పాటు ప్రైవేటు కంపెనీల స్టాంపులు అమ్ముతారు. అది చట్టప్రకారం తప్పేం కాదు. కానీ ఆ స్టాంపు అంటించిన కార్డుని వాళ్ళ సొంత డబ్బాలోనే వేయాలి. ప్రభుత్వ పోస్టు ఎర్ర డబ్బాలో వేస్తే లెక్కకి రాదు. ఆ డబ్బా ఎక్కడుందో వెతుక్కోవడం మీ పని. వాటికన్ స్టాంపుదీ అదే కథ. వాటికన్ లోపలి డబ్బాలో వేస్తేనే చెల్లుతుంది, గేటు దాటి రోమ్ వీధిలోకి వస్తే చెల్లదు. అందుకే షాపువాడిని ఒకటే అడగండి: "ఇది ప్రభుత్వ పోస్టు స్టాంపేనా? ఏ డబ్బాలో వేయాలి?" నమ్మకం లేకపోతే పోస్టాఫీసుకే వెళ్ళండి. ఫ్రాన్స్‌లో అయితే టబా అనే సిగరెట్ షాపుల్లో కూడా అసలు స్టాంపులు దొరుకుతాయి, డబ్బా పసుపు రంగు. అమెరికాలో 'గ్లోబల్ ఫరెవర్' అనే గుండ్రటి స్టాంపు అడగండి. ఒక్కటి అంటిస్తే మామూలు కార్డు ఇండియా దాకా వస్తుంది. వెళ్ళే ముందు ఆ దేశంలో పోస్టు ఎలా నడుస్తుందో కూడా చూసుకోండి. డెన్మార్క్‌లో ప్రభుత్వ పోస్టు సంస్థ 2025 చివర్లో ఉత్తరాల పంపిణీనే ఆపేసింది, వీధుల్లో ఎర్ర డబ్బాలు తీసేశారు.

ఇక అసలు మోసాలు. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది బ్యాంకాక్ కదా. గ్రాండ్ ప్యాలెస్ బయట నీట్‌గా డ్రెస్ చేసుకున్నాయన వచ్చి, "ఈరోజు పండగ, ప్యాలెస్ మూసేశారు, తక్కువ రేటుకి టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూపిస్తా" అంటాడు. ఎక్కారా, చివరికి తేలేది రత్నాల షాపులో. వాడికి కమీషన్, మీకు రంగురాళ్ళు. చేయాల్సింది ఒక్కటే: నేరుగా టికెట్ కౌంటర్ దాకా నడవండి. మూసేశారో లేదో గేటే చెప్తుంది. ఏదైనా తేడా వస్తే అక్కడి టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155.

పారిస్‌లో మోమార్త్ర్ మెట్ల దగ్గర చేతికి దారం కట్టి డబ్బులడుగుతారు. ఇంకొకరు "సంతకం పెట్టండి" అని అట్ట ముందు పెడతారు. మీరు సంతకం పెడుతుంటే పక్కనున్నవాళ్ళు జేబు ఖాళీ చేస్తారు. చేతులు జేబులో పెట్టుకుని, ఆగకుండా నడిచేయండి. మొహమాటం వద్దు. మన దగ్గర పిలిస్తే పలకడం మర్యాద, అక్కడ ఆ మర్యాదే వాళ్ళకి పెట్టుబడి.

ఫోన్‌లో జరిగే మోసాలు ఇంకా తెలివైనవి. థాయ్‌లాండ్ 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు పెట్టింది. అది పూర్తిగా ఉచితం. సింగపూర్‌ది కూడా ఉచితమే. గూగుల్‌లో పైన కనిపించిన సైట్‌ని నొక్కితే డబ్బులడిగే నకిలీ సైట్‌లో తేలొచ్చు. ప్రభుత్వ సైట్ అవునో కాదో అడ్రస్ చూసి నింపండి. అలాగే కార్డు గీకినప్పుడు మెషీన్ "రూపాయల్లో కట్టాలా, ఇక్కడి కరెన్సీలోనా?" అని అడుగుతుంది. రూపాయలు చూడగానే హాయిగా అనిపిస్తుంది కానీ, ఆ మార్పిడి రేటు సాధారణంగా మీకు నష్టం. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి.

ఇప్పుడు చెప్పబోయేది ఇంట్లో ఉన్న మీ అమ్మానాన్నల గురించి. మీరు ఎయిర్‌పోర్ట్ నుంచి స్టోరీ పెట్టి ఫ్లైట్ ఎక్కారు, ఫోన్ ఆఫ్. అదే టైమ్‌లో ఇంటికి కాల్ వస్తుంది: "మీ అబ్బాయిని అరెస్ట్ చేశాం, వెంటనే డబ్బు పంపండి." మీకు ఫోన్ చేస్తే కలవదు. కంగారులో వాళ్ళేం చేస్తారో ఆలోచించండి. ఇంకోటి, "మీ పార్సిల్ వచ్చింది, అడ్రస్ సరిగా లేదు, ఈ లింక్ నొక్కండి" అని ఇండియా పోస్ట్ పేరుతో వచ్చే మెసేజ్. అది నకిలీ అని పీఐబీ ఫ్యాక్ట్ చెక్ చెప్పింది. పిల్లలు ఏదో పంపి ఉంటారని వాళ్ళు నొక్కే ప్రమాదముంది.

అందుకే బయల్దేరే ముందు పావుగంట వాళ్ళతో కూర్చోండి. ఒక కాగితం మీద ఫ్లైట్ టైములు, హోటల్ ఫోన్, ఆ దేశంలో మన ఎంబసీ నంబర్ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మీ మధ్య ఒక గుర్తు మాట పెట్టుకోండి, డబ్బు అడిగినవాళ్ళెవరైనా ఆ మాట చెప్పాలి. చెప్పలేకపోతే ఫోన్ పెట్టేయమనండి. "నేను కార్డే పంపుతాను. సరైన స్టాంపు ఉన్న కార్డుకి కస్టమ్స్ ఉండదు, ఓటీపీ ఉండదు, లింకూ ఉండదు" అని చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి కాల్ చేయాలి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని ఆపే అవకాశం అంత ఎక్కువ.

స్టోరీలు తిరిగొచ్చాక పెట్టుకోండి, తొందరేం లేదు. కార్డు ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది, చాలాసార్లు మీ తర్వాతే ఇంటికి చేరుతుంది. మీరు ఎక్కడున్నారో దొంగకి తెలిసేసరికి మీరు ఇంట్లో టిఫిన్ తింటూ ఉంటారు.

ఈ వీడియోని మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి, అమ్మానాన్నలు కూడా చూడాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.