గంగపాయల కూర: పప్పులో మంచిదే, పసరుగా వద్దు

వానలు పడిన పది పదిహేను రోజులకే మన పెరళ్లలో, మిరప చేలలో, వేరుశనగ వేసే ఇసుక నేలల్లో, గూడూరు, పొదలకూరు వైపు నిమ్మచెట్ల పాదుల్లో ఎవరూ విత్తకుండానే గంగపాయల మొలుస్తుంది. కలుపు తీసేవారికి ఇది పెద్ద బెడద. పీకి గట్టున పడేసినా కాడలో నీరు నిలవ ఉంటుంది కనుక మళ్లీ వేరు పట్టుకుంటుంది. దీన్నే కొందరు గంగవాయిలి అని, పావిలి కూర అని అంటారు. తమిళం మాట్లాడే ఇళ్లలో పరుప్పు కీరై, అంటే పప్పుకూర. 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామం పోర్చులాకా ఒలెరేసియా. అందులోని రెండవ మాటకు కూరగా వాడేది అనే అర్థం.

"ఈ ఆకు తినవచ్చా సిస్టర్?" అని ఓ.పి.లో మమ్మల్ని తరచు అడుగుతుంటారు. ఆరోగ్యవంతులు నిస్సంకోచంగా తినవచ్చు. కాని దీన్ని మందు అనుకుని వాడేవారిని చూస్తేనే మాకు భయం.

ముందు మొక్కను సరిగా గుర్తుపట్టాలి. గంగపాయల కాడ నున్నగా, కండగా, ఎర్రగా ఉండి నేలమీద పాకుతుంది. ఆకు చిన్న గరిటె ఆకారంలో దళసరిగా ఉంటుంది. పువ్వు పసుపు పచ్చన. ఎండ వచ్చాక విచ్చుకుని కొద్ది గంటల్లో ముడుచుకుంటుంది. కాడ తుంచితే నీరు వస్తుంది. పాలు కారితే అది గంగపాయల కాదు, నానబాలు జాతి మొక్క, దాన్ని పారవేయాలి. గలిజేరు కూడా పక్కనే పెరుగుతుంది. దాని పువ్వు తెల్లగా లేక లేత గులాబీ రంగులో ఉంటుంది, ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. గలిజేరు ముదురు ఆకు తింటే విరేచనాలు పట్టుకుంటాయి.

ఎక్కడ కోశారన్నది కూడా ముఖ్యమే. కలుపు మందు కొట్టిన వరి గట్లు, రొయ్యల గుంటల కట్టలు, మురుగు కాలువల పక్కన, రోడ్డు అంచున పెరిగినది ఎంత లేతగా ఉన్నా కోయవద్దు. ఆకు నేలకు అంటుకుని పెరుగుతుంది కనుక మూడు నాలుగు నీళ్లలో ఇసుక పోయేదాకా కడగాలి.

వందగ్రాముల పచ్చి ఆకులో విటమిన్ సి సుమారు 20 మిల్లీగ్రాములు, పొటాషియం 500 మిల్లీగ్రాములకు దగ్గరగా ఉంటుంది. మెగ్నీషియం, కొంత ఇనుము కూడా ఉన్నాయి. ఆకుకూరల్లో అరుదుగా కనిపించే ఒమేగా-3 కొవ్వు ఇందులో ఉందని గొప్పగా చెబుతారు. నిజమే కాని చేపలో ఉండే ఒమేగా-3 మన శరీరానికి ఇంతకంటే బాగా పనికివస్తుంది. వారానికి రెండుసార్లు చేప తినే మన తీరం కుటుంబాలకు ఆ కారణంగా ఈ ఆకు కోసం వెతకనక్కరలేదు.

రుచికి మాత్రం కందిపప్పుతోనే బాగుంటుంది. పప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయతో ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తిరగమోత పెట్టండి. ఆకులోనే పులుపు ఉంటుంది కనుక చింతపండు తగ్గించండి. ఎండకు బెట్ట తగిలిన మొక్కలో ఆమ్లం రాత్రిపూట చేరి పగలు తగ్గుతుంది. అందుకే తెల్లవారి కోసిన ఆకు పుల్లగా, సాయంత్రం కోసినది చప్పగా అనిపిస్తుంది.

ఇక ఎవరు తినకూడదు? పాలకూరలో లాగే ఇందులో ఆక్సలేటు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు మానుకోవాలి. రోజుల తరబడి ఈ ఆకును ఎక్కువగా తిని మూత్రపిండాలు దెబ్బతిన్న రోగుల గురించి వైద్య పత్రికల్లో వచ్చింది. పప్పులో కలిపి ఇంటిల్లిపాదీ తింటే ఒకరికి వచ్చేది గుప్పెడు. పసరు తీసి గ్లాసుడు తాగితే ఒక్కరి కడుపులోకే కట్టలు కట్టలు పోతుంది. తేడా అక్కడే ఉంది.

మూత్రపిండాలు బలహీనమైనవారికి ఇంకొక ప్రమాదం పొటాషియం. అది బయటికి పోక రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి హఠాత్తుగా ఆగిపోతుంది. గలిజేరు, గంగపాయల తింటే డయాలసిస్ అక్కరలేదని చెప్పే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిని నమ్మి డయాలసిస్ మానేసి, ఆయాసంతో, కాళ్లవాపుతో స్ట్రెచర్ మీద వచ్చినవారిని మా వార్డులో చూశాము. దూరాభారం, ఖర్చు, వారానికి రెండు మూడుసార్లు సూదులు పొడిపించుకోవడం, ఇవన్నీ పడలేక ఆకు మీద ఆశ పెట్టుకుంటారు. ఆ కష్టం మాకు తెలుసు. 2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆకుమందు కోసం ఎంత జనం బారులు తీరారో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. కాని రక్తంలోని మలినాలను వడపోసే శక్తి ఏ ఆకుకూరకూ లేదు. డయాలసిస్ చేయించుకునేవారు ఈ రెండు ఆకులూ పూర్తిగా మానాలి.

షుగరు ఉన్నవారు కూరగా తినవచ్చు, మాత్ర ఆపకూడదు. గర్భిణులు పప్పులో తినవచ్చు, పసరు తాగకూడదు, ఐరన్ మాత్రలు మానకూడదు. గుండె కవాటం మార్పించుకుని రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఏ ఆకుకూరైనా ఒక వారం ఎక్కువ, ఒక వారం అసలు లేకుండా తినవద్దు; మందు పని హెచ్చుతగ్గులవుతుంది. ఆరు నెలలలోపు పసిబిడ్డకు దగ్గనీ, కడుపు నొప్పి అనీ పసరు పోయవద్దు, తల్లిపాలే ఇవ్వండి. కాలిన గాయం మీద నూరిన ఆకు పెడితే మట్టి, సూక్ష్మక్రిములు చేరి చీము పడుతుంది. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని కుళాయి నీరు పోసి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకురండి.

ఏ ఆకు తిన్న తరువాతనైనా వాంతులు, విరేచనాలు, మూత్రం తగ్గడం, గుండె దడ కనిపిస్తే రాత్రి అయినా ఆగవద్దు. వచ్చేటప్పుడు ఆ మొక్కను వేరుతో సహా ఒక సంచిలో తెచ్చి డ్యూటీ సిస్టర్‌కు చూపించండి. పసరు తాగిన సంగతి దాచకండి, ఎవరూ కోప్పడరు.