చూడి పరీక్ష ఫోన్లో నేర్చుకోగలమా?

విజయనగరం జిల్లా గరివిడి అనగానే పాతతరం వారికి ఫేకర్ ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, చుట్టుపక్కల మాంగనీసు గనులు గుర్తొస్తాయి. ఇంటర్లో బైపీసీ చదివే పిల్లలకు మాత్రం ఇప్పుడు అది పశువైద్య కళాశాల ఉన్న ఊరు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడిచే కళాశాల అది. పశువైద్య డిగ్రీ అంటే ఐదున్నరేళ్ల చదువు, అందులో ఏడాది పూర్తిగా ఇంటర్న్‌షిప్. ఆన్‌లైన్ చదువు ఎంతదూరం తీసుకెళ్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని తేల్చుకోవాలనుకునేవారు ముందుగా ఇలాంటి చదువునే చూడాలి. ఎందుకంటే ఇందులో సగం పుస్తకంలో ఉంటుంది, మిగతా సగం పశువు ఒంట్లో ఉంటుంది.

చూడి పరీక్ష సంగతే తీసుకుందాం. "డాక్టరు బాబూ, సూడి కట్టిందేటి?" అని రైతు అడిగితే, వైద్యుడు భుజందాకా తొడుగు వేసుకుని, మలద్వారం గుండా చేయి లోపలికి పెట్టి, పేగు గోడకు కింద ఉన్న గర్భసంచిని వేళ్లతో తడుముతాడు. కంటికేమీ కనిపించదు. గర్భసంచికి రెండు కొమ్ములుంటాయి. చూడి కట్టిన కొమ్ము కాస్త ఉబ్బి, లోపల నీరు నిండినట్టు మెత్తగా తగులుతుంది. చేయి తిరిగినవారు రెండు నెలల చూడిని కూడా పోల్చుకుంటారు. లేని చూడిని ఉందని చెబితే రైతుకు నష్టం మామూలుగా ఉండదు. చూడి కట్టని ఆవు సుమారు 21 రోజులకోసారి ఎదకు వస్తుంది. కట్టిందన్న నమ్మకంతో ఆ ఎదల్ని వదిలేస్తే ఈత వెనకబడుతుంది, పాలు వెనకబడతాయి, మేత ఖర్చు మాత్రం ఆగదు. ఆవు సుమారు 280 రోజులు, గేదె సుమారు 310 రోజులు చూడి మోస్తాయి కాబట్టి ఆలస్యమైన ప్రతి ఎదా రైతు ఏడాది లెక్కను తలకిందులు చేస్తుంది.

గర్భసంచి ఎక్కడుంటుంది, ఏ నెలలో ఎంత పెరుగుతుంది, ఏ హార్మోను ఏం చేస్తుంది అన్న విషయాలు ఫోన్లో బ్రహ్మాండంగా నేర్చుకోవచ్చు. నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మకన్నా, ఎటు కావాలంటే అటు తిప్పి చూపించే త్రీడీ బొమ్మ మేలని నా అభిప్రాయం. వేళ్లకు తెలియాల్సింది మాత్రం తెర మీద దొరకదు. దీనికి కారణం మన మెదడు నిర్మాణంలోనే ఉంది.

1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛవ్యాధి తగ్గించడం కోసం మెదడుకు శస్త్రచికిత్స చేశారు. రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి కానీ, ఆ తర్వాత ఆయనకు కొత్త విషయమేదీ నిలవలేదు. ఇప్పుడు కలిసిన మనిషిని కాసేపటికే మరిచిపోయేవాడు. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన చేత ఒక పని చేయించింది. అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల వెంట పెన్సిల్ నడపాలి. మొదట్లో తప్పులు కుప్పలుగా వచ్చాయి. మూడు రోజుల సాధనలో చేయి కుదురుకుంది. అంతకుముందు ఎప్పుడైనా చేశావా అంటే మాత్రం ఆయనకు గుర్తే లేదు! విషయాన్ని గుర్తుంచుకునే దారి ఒకటి, చేతికి పని పట్టుబడే దారి మరొకటి అని ఆ పరిశోధన తేల్చింది. వీడియో మొదటి దారిలో మనల్ని చాలా దూరం తీసుకెళ్లగలదు. రెండో దారిలో చేయి స్వయంగా తప్పుచేసి, ఆ తప్పు తెలుసుకుని, మళ్లీ చేయాల్సిందే.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. 2018లో కార్డస్, ఓబ్రయన్ అనే ఇద్దరు పరిశోధకులు, బల్ల మీది పాత్రలు కదలకుండా కిందున్న గుడ్డను లాగేసే విద్య వీడియోను కొందరికి ఒకసారి, కొందరికి 20 సార్లు చూపించారు. ఎక్కువసార్లు చూసినవారికి తామూ చేయగలమన్న నమ్మకం పెరిగింది. ఇలాంటి పనులను నిజంగా చేయించి చూస్తే నైపుణ్యం పెరగలేదు. పశువైద్యంలో ఆ ఉత్త నమ్మకానికి మూల్యం చెల్లించేది నోరులేని పశువు, దాన్ని నమ్ముకున్న కుటుంబం.

సాంకేతికత చేతికి అసలు సాయపడదని అనలేం. బ్రిటన్‌లో సారా బెయిలీ అనే పశువైద్యురాలు "హాప్టిక్ కౌ" అనే పరికరాన్ని తయారుచేసింది. ఆవు ఆకారంలో ఉన్న డొల్లలోకి చేయి పెడితే, లోపలి యంత్రం వేలికి గర్భసంచి తగిలిన అనుభూతినిస్తుంది. విద్యార్థి వేలు ఎక్కడుందో గురువుకు కంప్యూటర్ తెర మీద కనిపిస్తుంది. నిజమైన ఆవు దగ్గర గురువుకు లేని సౌకర్యం అదే. దాని మీద సాధన చేసినవారు తర్వాత నిజమైన ఆవులో గర్భసంచిని మిగతా వారికంటే బాగా గుర్తించగలిగారు. వేలికి తగిలింది ఏమిటో అప్పటికప్పుడే చెప్పే గురువు ఉండటమే ఇందులో కీలకం.

ఇక తెర మీద నేర్చుకోదగిన సగం కూడా, ఊరికే చూస్తే వంటబట్టదు. 2006లో రోడిగర్, కార్పికె చేసిన ప్రయోగంలో విద్యార్థులంతా రెండు పాఠాలు చదివారు. తర్వాత ఒకదాన్ని మళ్లీ చదివారు, మరోదాన్ని మూసేసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివిన పాఠమే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివిన పాఠం 42 శాతం గుర్తుంటే, మూసేసి రాసిన పాఠం 56 శాతం గుర్తుంది. 2013లో మరో ప్రయోగంలో 21 నిమిషాల వీడియో పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత కొందరికి చిన్న పరీక్ష పెట్టారు. పరీక్షలు లేనివారిని అడిగినప్పుడు 41 శాతం సార్లు మనసు ఎటో పోయింది. పరీక్షలు రాసినవారిలో అది 19 శాతమే. ఈ రెండూ మన పిల్లలు చదువుకునే విధానాన్నే మార్చాల్సిన ఫలితాలు.

తెరనూ తరగతినీ కలపడాన్ని ఇప్పుడు బ్లెండెడ్ లెర్నింగ్ అంటున్నారు. మన దగ్గర దాని తాతలు ఎప్పుడో పుట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1972లోనే కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో ఉంది. దాని మొదటి ఉపకులపతి జి. రాంరెడ్డి, 1985లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపకులపతి అయ్యారు. ఇంట్లో అచ్చు పాఠాలు, రేడియో పాఠాలు, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్లో కాంటాక్ట్ క్లాసులు. షిఫ్టు డ్యూటీ చేసే కార్మికుడికి, పెళ్లితో చదువు ఆగిన ఆడపిల్లకు డిగ్రీ అందించిన పద్ధతి అది. అందులో కాంటాక్ట్ క్లాసు ప్రాణం లాంటిది. అక్కడ సందేహం అడగడానికి ఒక మనిషి ఉండేవాడు. ఆ మనిషి లేని చోట ఏమవుతుందో 2012లో తెలిసింది. అమెరికాలోని ఎంఐటీ ఉచితంగా పెట్టిన తొలి ఆన్‌లైన్ కోర్సులో దాదాపు 1,55,000 మంది చేరితే, గట్టెక్కినవారు 7,157 మంది.

2020 మార్చిలో కరోనాతో కాలేజీలన్నీ మూతపడ్డప్పుడు మనం చేసింది బ్లెండెడ్ లెర్నింగ్ కాదు, గత్యంతరం లేక చేసిన ఏర్పాటు. తరగతిలో గంట చెప్పే పాఠాన్ని ఫోన్లోనూ గంట చెప్పారు. సిగ్నల్ కోసం మేడెక్కిన పిల్లలున్నారు, ఒకే ఫోను పంచుకున్న అన్నదమ్ములున్నారు. దాన్ని చూసి ఆన్‌లైన్ చదువే దండగ అనేస్తే అన్యాయం. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక "స్వయం" మీది కోర్సుల్ని సెమిస్టరుకు 40 శాతం వరకు తీసుకునే వీలును యూజీసీ 2021 నిబంధనల్లో కల్పించింది. వాడుకోవాలి. అలా తరగతి గదిలో మిగిలిన సమయాన్ని ప్రయోగశాలకూ, పశువుల కొట్టానికీ ఇవ్వాలి. ఆ సమయాన్ని అధ్యాపకుల పోస్టులు తగ్గించడానికి వాడుకునే సంస్థ ఏదైనా పిల్లలకు ద్రోహం చేస్తున్నట్టే.

ఆన్‌లైన్ కోర్సులో చేరబోయే విద్యార్థులకూ, ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకూ ఒక మాట. ప్రాక్టికల్స్ ఎక్కడ, ఎన్ని గంటలు చేయిస్తారో, సందేహాలకు ఎవరు ఎన్నాళ్లలో జవాబిస్తారో, వారం వారం పరీక్ష పెడతారో లేదో ముందే అడగండి. ఆ జవాబులు కాగితం మీద రాసివ్వని సంస్థకు ఫీజు కట్టకండి.