"ఏదైనా మంచి పుస్తకం ఇవ్వండి"

సాయంకాలం గ్రంథాలయంలో బల్ల ముందు నిలిచిన పాఠకుడు తరచుగా అడిగే మాట ఇదే. రచయిత పేరో గ్రంథం పేరో చెప్పిన వారికి పుస్తకం వెదకి ఇవ్వడం కష్టం కాదు. సూచిక చూస్తే చాలు. పేరూ ఊరూ లేని ఈ "మంచి పుస్తకం" దగ్గరనే గ్రంథపాలకుడికి అసలు పరీక్ష. అడిగిన మనిషి వట్టి చేతులతో వెళ్ళిపోతే మళ్ళీ ఆ గడప తొక్కుతాడన్న నమ్మకం లేదు.

అనుభవజ్ఞుడైన గ్రంథపాలకుడు వెంటనే బీరువా వైపు నడవడు. "ఈ మధ్య మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది? అందులో ఏం నచ్చింది?" అని అడుగుతాడు. ఆపైన వింటాడు. ఒక గృహిణి యద్దనపూడి సులోచనారాణి నవలలన్నీ చదివేశానని, అటువంటివే ఇంకా కావాలని అన్నదనుకుందాం. ఆమెను ఆకట్టుకున్నది కథానాయిక ఆత్మాభిమానమా, ఇంటిల్లిపాది మాటల చమత్కారమా, లేక చివరి పుట దాకా కింద పెట్టనీయని కథనమా? ఆత్మాభిమానమైతే మాలతీ చందూర్ నవలలు చూపవచ్చు. చమత్కారమైతే రంగనాయకమ్మ 'స్వీట్‌హోం' అందివ్వవచ్చు. "అవన్నీ కాలక్షేపం పుస్తకాలు" అని పెదవి విరిచిన గ్రంథపాలకుడు మాత్రం ఆమెను శాశ్వతంగా పోగొట్టుకుంటాడు.

ఈ విద్యను అమెరికాలో జాయిస్ సారిక్స్, నాన్సీ బ్రౌన్ అనే ఇద్దరు గ్రంథపాలకులు 1989లో ఒక గ్రంథంగా వెలువరించారు. పాఠకులు పుస్తకాలను విషయాన్ని బట్టి కాక నడక, పాత్రలు, కథాసంవిధానం, వాతావరణం వంటి లక్షణాలను బట్టి ప్రేమిస్తారని వారి వాదం. సియాటిల్ నగర గ్రంథపాలకురాలు నాన్సీ పెర్ల్ మరొక వెసులుబాటు కల్పించారు: 50 పుటలు చదివినా రుచించని పుస్తకాన్ని నిస్సంకోచంగా వదిలివేయవచ్చు. 50 ఏళ్ళు దాటినవారు తమ వయస్సును 100 నుంచి తీసివేసి, మిగిలినన్ని పుటలు చదివితే చాలు. 70 ఏళ్ళ వృద్ధుడికి 30 పుటలే! పరీక్షల కోసం చదవడం అలవాటై, మొదలుపెట్టినది ముగించకపోతే పాపమని భావించే మనవంటి వారికి ఇది పెద్ద ఊరట.

ఈ ఆలోచనకు మన దేశంలోనూ బలమైన పునాది ఉంది. గణితాచార్యుడైన ఎస్. ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడుగా చేరి, కొద్ది రోజులకే విసుగెత్తి బోధనకు మరలిపోదలచారు. ఇంగ్లండు వెళ్ళి అక్కడి గ్రంథాలయాలు ప్రజలకు చేస్తున్న సేవను చూశాక ఆయన మనసు మారింది. 1931లో ప్రకటించిన పంచసూత్రాలలో రెండవది ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం దొరకాలంటుంది. మూడవది ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలంటుంది. ఈ మూడవ సూత్రం కోసమే బీరువాలకు తాళాలు ఉండరాదని, పాఠకులు స్వయంగా అరల మధ్య తిరగాలని ఆయన పట్టుబట్టారు.

పుస్తకం పోతే సంజాయిషీ ఇచ్చుకోవాలన్న భయంతో తాళంచెవిని మొలకు కట్టుకున్న చోట్ల ఆ సూత్రం అద్దాల వెనుకనే నిలిచిపోయింది. అద్దంలోంచి అట్ట కనిపిస్తుంది గాని, మొదటి పుట తిరగవేసి చూసే అవకాశం ఉండదు.

ఇంతా చేసి ఇచ్చిన పుస్తకం నచ్చలేదని పాఠకుడు మర్నాడే తిరిగి తెచ్చినా మంచి గ్రంథపాలకుడు నొచ్చుకోడు. "ఎన్నో పుట దగ్గర ఆపారు?" అని అడిగి, మరొక అర వైపు దారి తీస్తాడు.