ఫ్రెంచి క్రియ: వ్రాతయు పలుకును



హైదరాబాదు నగరమున మాసబ్ ట్యాంకు అను పేట కలదు. అబ్దుల్లా కుతుబ్ షా తల్లియగు హయాత్ బక్షీ బేగమును జనులు గౌరవముతో ‘మాసాహెబా’ యనిరి. ఆ పేరే నోట నలిగి ‘మాసబ్’ అయినది. అట్లే నైజాము కొలువున నుండి 1798లో మరణించిన ఫ్రెంచి సేనాని రేమండు పేరు ‘మూసారాం’ అయి మూసారాంబాగునందు నిలిచినది. ఈ పేర్లలో పలుకు మారగా వ్రాతయు మారినది. ఆ సేనాని భాషలో మాత్రము క్రియల తుదలు నోట అరిగిపోయినను వ్రాతలో నిలిచియున్నవి.

ఈ సంగతి మనకేల యందురేమో. యానాములో 1954 వరకు ఫ్రెంచి ప్రభుత్వము నడచినది. సర్కారు భాష ఫ్రెంచియే. ఆ కాలపు దస్తావేజు ఏ యింటనైన నున్నచో, దానిని చదివించుకొనువారు ఈ భేదము నెరిగియుండుట మేలు.

మనము ‘ఇచ్చుచున్నాను, ఇచ్చుచున్నావు, ఇచ్చుచున్నాడు’ అని కర్తనుబట్టి క్రియ తుదను మార్చుదుము. ఫ్రెంచిలోను అంతే. ‘ఇచ్చుట’కు వారి మాట ‘దొనే’. వ్రాతలో దాని చివరనుండు ఇ, ఆర్ అను రెండక్షరములను తీసివేసి, వర్తమానమునకు ఈ ప్రత్యయములను చేర్చవలెను: నేను అన్నచో ఇ, నీవు అన్నచో ఇ, ఎస్, అతడు అన్నచో ఇ, మేము అన్నచో ఓ, ఎన్, ఎస్, మీరు అన్నచో ఇ, జెడ్, వారు అన్నచో ఇ, ఎన్, టి.

ఇక పలుకు వినుడు: జ దొన్, త్యు దొన్, ఇల్ దొన్, ను దొనోఁ, వు దొనే, ఇల్ దొన్. ‘నోఁ’ అనుదానిని ముక్కుతో పలుకవలెను. వ్రాతలో రూపములు ఐదు, చెవికి మూడే. మనము ‘ఇచ్చుచున్నాను’ అన్నచో ‘నేను’ అననక్కరలేదు. ఫ్రెంచివారికి ఆ వెసులుబాటు లేదు. ‘దొన్’ అని యూరకున్నచో ఇచ్చువాడెవడో తెలియదు. ‘వు’ అనునది మన ‘మీరు’ వంటిది. పలువురకును, పెద్దవారొక్కరికిని చెల్లును.

ఒక దానపత్రమును చదువరి బిగ్గరగా చదువుచున్నాడనుకొనుడు. ‘ఇల్ దొన్’ అని వినబడినది. ఇచ్చునది ఒక్కడా, అన్నదమ్ములందరునా? ‘అతడు’, ‘వారు’ అను మాటలును అచట ఒకటిగానే వినబడును. కాగితమున క్రియ చివర ఎన్, టి యున్నచో ఇచ్చువారు పలువురు, లేనిచో ఒక్కడే.

విక్రయపత్రమున చెవికి కొంత ఆధారము దొరకును. ‘అమ్ముట’ యను క్రియ వేరొక తరగతిది. అతడు అమ్మినచో ‘ఇల్ వాఁ’, వారు అమ్మినచో ‘ఇల్ వాఁద్’. తుదనున్న ‘ద్’ వినబడుటయే గుర్తు. ‘ముగించుట’ రెండవ తరగతిది; అందు ‘ఇల్ ఫినీ’ యనునది ఏకవచనము, ‘ఇల్ ఫినిస్’ బహువచనము.

కావున పూర్వపు ఫ్రెంచి కాగితమును చదివించుకొనునప్పుడు విని తృప్తిపడక, క్రియ తుదనున్న అక్షరములను వ్రేలితో చూపించి చెప్పుమని యడుగుడు. నోరు విడిచిన భేదమును కాగితము కాపాడియున్నది.